ట్రాక్టరు ముందు ఇరుసు: ఒక మరమ్మతు చరిత్ర

పొలంలో తిరిగే ట్రాక్టరు బరువులో ఎక్కువ పాలు వెనుక చక్రాల మీదే ఉంటుంది. అయినా ముందుగా అరిగేవి, తరచుగా చేయి పెట్టాల్సి వచ్చేవి ముందు ఇరుసు, దాని కొనల్లో నిలువుగా ఉండే కింగ్ పిన్నులు, స్టీరింగు కడ్డీల కీళ్లు. మామూలు ట్రాక్టరు ముందు ఇరుసుకు స్ప్రింగులు ఉండవు. ఇంజను ముందున్న దిమ్మెకు ఒకే ఒక సెంటర్ పిన్ను మీద అది త్రాసు కాడలా వేలాడుతుంది. ఒక చక్రం గట్టెక్కి రెండోది గుంతలో దిగినా నాలుగు చక్రాలూ నేలను వదలకపోవడం ఈ ఏర్పాటు వల్లే. అయితే రాయి తగిలినా, గట్టు తగిలినా ఆ దెబ్బ మెత్తబడకుండా నేరుగా పిన్నులకూ బుష్షులకూ చేరుతుంది. దెబ్బను ఏ భాగం భరించాలి, అరిగిన ఆ భాగాన్ని తేలిగ్గా ఎలా మార్చుకోవాలి అని రెండు వందల ఏళ్లుగా ఆలోచిస్తూ వచ్చిన ఫలితమే ఇప్పటి ముందు ఇరుసు.

రెండు చక్రాల ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. ఎద్దులు ఎటు తిరిగితే బండి అటు తిరుగుతుంది, ఇరుసు కదలనక్కరలేదు. అరిగేది ఇరుసు కొన, చక్రం కుండ మధ్య మాత్రమే. అక్కడ ఆముదంలో మసి కలిపి చేసిన కందెన పెట్టేవారు. చక్రం ఊడకుండా ఇరుసు కొనన కడచీల దిగగొట్టేవారు. నేటి ట్రాక్టరు హబ్బులో గ్రీజు, నట్టు కదలకుండా దూర్చే స్ప్లిట్ పిన్ను చేసేది అదే పని.

నాలుగు చక్రాల బండి దగ్గర సమస్య మొదలైంది. ఐరోపాలో గుర్రపు బళ్లకు ముందు ఇరుసు మొత్తం నడిమి మేకు మీద తిరిగేది. మలుపులో చక్రం బండి పెట్టె కిందికి దూరాలి కనుక చక్రాలు చిన్నవి చేయాల్సి వచ్చేది, లేదా పెట్టె ఎత్తు పెంచాల్సి వచ్చేది. ఒక చక్రానికి రాయి తగిలితే ఇరుసు మొత్తం ఒక్కసారిగా పక్కకు తిరిగేది. మ్యూనిక్‌లో బళ్లు తయారుచేసే గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఇరుసును కదలకుండా ఉంచి, దాని రెండు కొనల్లో నిలువు పిన్నుల మీద చక్రాలను విడివిడిగా తిప్పాడు. ఇంగ్లండులో అతని తరఫున 1818లో పేటెంటు తీసుకున్నవాడు రుడాల్ఫ్ ఆకర్‌మన్. లోకంలో నిలిచింది ఆ ఏజెంటు పేరే. కనిపెట్టినవాడి పేరు వర్క్‌షాపు పుస్తకాల్లో కూడా కనబడకపోవడం అన్యాయమే.

మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద నడుస్తాయి. రెండూ ఒకే కోణంలో తిరిగితే ఏదో ఒకటి నేలను గీరుకుంటూ పోతుంది. లోపలి చక్రం కాస్త ఎక్కువ తిరగాలి. 1878లో ఫ్రెంచి బళ్ల తయారీదారు షార్ల్ జాంతో దీనికి ఆచరణలో పనికొచ్చే కొలత చూపించాడు: పిన్నుల నుంచి బయలుదేరే స్టీరింగు ఆర్ములను లోపలికి వాల్చి, వాటి గీతలను పొడిగిస్తే వెనుక ఇరుసు నడుమ కలిసేలా పెట్టాలి. ఆర్ము ఏ మాత్రం వంగినా ఈ లెక్క తప్పుతుంది. గట్టుకు గుద్దుకున్న ట్రాక్టరుకు రెండు చక్రాలను కలిపే టై రాడ్డు మార్చినా టైరు ఒక పక్కే అరుగుతోందంటే చూడవలసింది ఆ ఆర్మునే.

పొలానికి వచ్చిన తొలి ఆవిరి యంత్రాలు మాత్రం లాంకెన్‌స్పెర్గర్ ఉపాయాన్ని పట్టించుకోలేదు. తామంతట తాము నడిచే ఆవిరి ఇంజన్లను 1859 ప్రాంతంలో ఇంగ్లండులో థామస్ అవెలింగ్ తయారుచేసినప్పుడు, వాటిని తిప్పడానికి ముందు కర్రల నడుమ గుర్రాన్ని కట్టేవారు. లాగే బలం ఆవిరిది, దారి చూపే పని గుర్రానిది. తర్వాత గుర్రం పోయి గొలుసులు వచ్చాయి. స్టీరింగు చక్రం తిప్పితే వార్మ్ గేరు ద్వారా ఒక అడ్డ కడ్డీ తిరిగి, దానికి చుట్టిన గొలుసు ఇరుసును ఒక వైపు లాగేది, రెండో వైపు వదిలేది. గొలుసు సాగితే ఎంత తిప్పినా ఇరుసు కదిలేది కాదు. గొలుసు బిగించడమే అప్పటి స్టీరింగు మరమ్మతు. గంటకు నాలుగైదు మైళ్లు నడిచే బండికి అది చాలింది.

1917లో హెన్రీ ఫోర్డ్ ఫోర్డ్‌సన్ ట్రాక్టరును పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టాక, కారు ముందు ఇరుసులోని అమరిక పొలానికి చేరింది. కింగ్ పిన్ను, దాని మీద తిరుగుతూ చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్, చక్రాలను కలిపే కడ్డీ రైతు కళ్ల ముందుకు వచ్చాయి. పదేళ్లు దాటేసరికి 7 లక్షలకు పైగా ఫోర్డ్‌సన్‌లు అమ్ముడుపోయాయి. వాటి చక్రాలు ఇనుపవి. రాతినేల మీద ఆ ఇనుము కొట్టిన దెబ్బలన్నీ పిన్నులే తిన్నాయి. ఇంకో దారి తొక్కింది ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ. 1924లో వచ్చిన ఫార్మాల్‌లో రెండు ముందు చక్రాలనూ దగ్గరగా చేర్చి ఒకే నిలువు కడ్డీ కింద పెట్టారు. పత్తి, మొక్కజొన్న సాళ్ల మధ్య అవి ఇరుకుగా దూరేవి. టై రాడ్డు లేదు, కింగ్ పిన్నుల జత లేదు, అరిగేవి తక్కువ. కానీ వాలు నేలలో, వేగంగా తిప్పిన మలుపులో మూడు చక్రాల బండిలాగే పక్కకు ఒరిగే ప్రమాదం ఉండేది. చివరికి వెడల్పు ఇరుసే గెలిచింది.

పెద్ద ఆవిష్కరణల నీడలో పడిపోయే చిన్న వస్తువు గ్రీజు నిపుల్. నిజానికి పొలం యంత్రం ఆయుష్షు పెంచడంలో దానికి సాటి వచ్చేవి తక్కువ. అంతకుముందు కీళ్ల మీద ఇత్తడి గ్రీజు కప్పులు ఉండేవి. రోజూ మూత ఒక చుట్టు బిగిస్తే కాస్త గ్రీజు లోపలికి దిగేది. మరిచిపోతే దుమ్ము దిగేది. 1910ల చివర్లో చికాగోలో ఆర్థర్ గుల్‌బోర్గ్ చేతి గన్నుతో ఒత్తిడి మీద గ్రీజు ఎక్కించే పద్ధతి తెచ్చాడు. అది ఆలెమైట్ పేరుతో వ్యాపించింది. ఆస్కార్ జెర్క్ అనే ఆస్ట్రియన్ రూపొందించిన నిపుల్‌కు 1929లో అమెరికా పేటెంటు దక్కింది. లోపల చిన్న గుండు, దాని వెనుక స్ప్రింగు: గన్ను మూతి ఆనించి నొక్కితే దారి తెరుచుకుంటుంది, తీయగానే మూసుకుంటుంది. కొత్త గ్రీజు లోపలికి పోతూ పాతదాన్నీ, దానితో పాటు మట్టినీ బయటికి నెడుతుంది. పిన్ను, బుష్షు సందులోంచి శుభ్రమైన గ్రీజు తొంగిచూసేదాకా కొట్టాలనే నియమం ఇందువల్లే. హబ్బులో ఉండే టేపర్ రోలర్ బేరింగు అంతకంటే పాతది. సెయింట్ లూయిస్‌లో బళ్లు చేసే హెన్రీ టిమ్‌కెన్ 1898లో దానికి పేటెంటు పొందాడు. నిలువు బరువునూ, మలుపులో వచ్చే పక్క తోపునూ ఒకే బేరింగు మోస్తుంది. అరిగితే నట్టు కాస్త బిగించి మళ్లీ వాడుకోవచ్చు.

1932లో ఆలిస్ చామర్స్ కంపెనీ ట్రాక్టరుకు గాలి టైర్లు వేయడం మొదలుపెట్టింది. దెబ్బలు తగ్గాయి, వేగం పెరిగింది, దానితో కొత్త పని కూడా వచ్చింది. ఇనుప చక్రం వంకరగా నడిచినా అరిగేది కాదు, రబ్బరు అరుగుతుంది. ముందు చక్రాల ముందు అంచులు వెనుక అంచుల కంటే కొన్ని మిల్లీమీటర్లు దగ్గరగా ఉండాలి. దీన్ని మెకానిక్కులు టో ఇన్ అంటారు. నడిచేటప్పుడు కీళ్ల సందుల వల్ల చక్రాలు కాస్త బయటికి తెరుచుకుంటాయి కనుక, ముందే లోపలికి మూస్తే చివరికి తిన్నగా నడుస్తాయి. టై రాడ్డు పొడవు మార్చి ఈ కొలత సరిచేయడం అప్పటి నుంచి సర్వీసులో భాగమైంది.

తెలుగు రైతు ఎరిగిన ముందు ఇరుసుకు మూలం 1939లో హ్యారీ ఫెర్గుసన్, హెన్రీ ఫోర్డ్ కలిసి తెచ్చిన 9ఎన్ ట్రాక్టరు. పంటను బట్టి సాళ్ల దూరం మారుతుంది, దానికి తగ్గట్టు చక్రాల మధ్య దూరమూ మారాలి. అంతకుముందు ఇరుసు జరిపినప్పుడల్లా కడ్డీలు విప్పి కొలతలు మళ్లీ పెట్టాలి. 9ఎన్ ఇరుసు రెండు కొనలను వెనక్కి వాల్చారు. స్టీరింగు పెట్టె నుంచి రెండు పక్కలా విడివిడిగా రెండు డ్రాగ్ లింకులు సాగుతాయి, చక్రాలను కలిపే అడ్డ టై రాడ్డు లేదు. కొనలు జరిపేది ఆ వాలు వెంబడే కనుక, డ్రాగ్ లింకు తన వెనుక కీలు మీద పక్కకు తిరుగుతుందే తప్ప దాని పొడవు మార్చనక్కరలేదు. బోల్టులు తీసి, 4 అంగుళాల మెట్లలో ఒక బెజ్జం జరిపి, తిరిగి బిగిస్తే సరిపోతుంది. రెంచీ ఒక్కటి ఉన్న రైతు పొలంలోనే ఈ పని చేసుకోగలడు. యంత్రం మరమ్మతును వాడేవాడి చేతిలో పెట్టిన ఇలాంటి రూపకల్పనలు అరుదు.

ఇదే ఇరుసు 1946 నుంచి 1956 దాకా ఇంగ్లండులోని కవెంట్రీలో తయారైన 5 లక్షలకు పైగా ఫెర్గుసన్ టీఈ 20 ట్రాక్టర్ల మీద లోకమంతా తిరిగింది. తర్వాతి 35 మోడలుకూ సంక్రమించింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీ మాస్సీ ఫెర్గుసన్ ట్రాక్టర్లు తయారుచేయడంతో తెలుగు పల్లెలకు చేరింది. ఇతర కంపెనీలు వేరే దేశాల నుంచి వేరే అమరికలు తెచ్చాయి. 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్, 1963లో బొంబాయిలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి మహీంద్రా, 1971లో పింజోర్‌లో చెక్ జెటర్ నమూనాతో హెచ్‌ఎంటీ తయారీ మొదలుపెట్టాయి. 1974లో మార్కెట్లోకి వచ్చిన స్వరాజ్ దుర్గాపూర్ పరిశోధన సంస్థలో పుట్టిన దేశీ రూపకల్పన. ఒకే పక్క డ్రాగ్ లింకు, రెండు చక్రాల మధ్య టై రాడ్డు ఉండే ఇరుసులు కూడా వీటితో పాటు వ్యాపించాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఈ ఇరుసులకు వాటిని రూపొందించినవారు ఊహించని పరీక్ష ఎదురైంది. ఇంగ్లండు పొడి దుక్కికి పుట్టిన యంత్రం ఇక్కడ వెనుక చక్రాలకు కేజ్ వీల్స్ తగిలించుకుని మోకాటి లోతు దమ్ములో దిగింది. ముందు హబ్బులు గంటల తరబడి బురదనీటిలో మునిగి తిరుగుతాయి. ఆయిల్ సీలు పెదవి కాస్త అరిగినా నీరు లోపలికి పోయి గ్రీజు తెల్లగా నురగ కడుతుంది. వారం తిరిగేసరికి బేరింగు మీద తుప్పు చుక్కలు లేస్తాయి. కంపెనీ పుస్తకంలో ఏడాదికో, వెయ్యి గంటలకో అని రాసిన హబ్బు శుభ్రం డెల్టాలో ప్రతి దమ్ము సీజను తర్వాత చేయక తప్పదు. ఊరూరా ట్రాక్టరు మెకానిక్కులు, 1960ల్లో ఏర్పడిన విజయవాడ ఆటోనగర్‌లోని లేత్ పనివారు ఈ అవసరంతోనే చేయి తిరిగినవాళ్లయ్యారు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వం 1983లో పెట్టిన వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఇదే విద్యను తరగతి గదిలో నేర్పుతోంది.

ముందు ఇరుసు మరమ్మతులో పూర్వపు ప్రతి మలుపు గుర్తూ కనిపిస్తుంది. మొదట వెనుక చక్రాలకు అడ్డు రాళ్లు పెడతారు. ఇరుసు నడుమ జాకీ ఎత్తగానే అది సెంటర్ పిన్ను మీద ఒరుగుతుంది కనుక రెండు పక్కలా చెక్క దిమ్మెలు వేస్తారు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తారు. బ్రేకు లేని ముందు చక్రం కనుక సందు వస్తే హబ్బు బేరింగుదో కింగ్ పిన్నుదో తేల్చుకోవాలి: స్టబ్ యాక్సిల్ కూడా కలిసి ఊగితే తప్పు పిన్ను బుష్షుది, చక్రం ఒక్కటే ఊగితే బేరింగుది. కీళ్లకు ఇంకో పరీక్ష. ఒకరు స్టీరింగును కొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే ఇంకొకరు బాల్ జాయింటు మీద అరచేయి ఆనిస్తారు. కంటికి కనబడని ఆట చేతికి తెలుస్తుంది.

జాయింటు ఊడదీయడానికి నట్టు విప్పి మర మీద సుత్తితో కొట్టేవాడు కొత్తవాడు. ఆర్ము కన్ను ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, ఎదుటి పక్క ఒక్క దెబ్బ వేస్తే టేపరు పిన్ను దానంతట అదే వదులుతుంది. టై రాడ్డు కొన విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క పెట్టుకుంటే, కొత్త కొనను అన్ని చుట్లే ఎక్కించి టో ఇన్‌కు దగ్గరగా రావచ్చు. చక్రం బరువు పిన్ను నుంచి పక్కకు పడుతుంది కాబట్టి పై బుష్షు ఒక వైపు, కింది బుష్షు ఎదురు వైపు కోడిగుడ్డు ఆకారంలో అరుగుతాయి. పిన్ను మార్చి పాత బుష్షులు వదిలేస్తే ఒక పంట కూడా నిలవదు. కొత్త గన్‌మెటల్ బుష్షు దించేటప్పుడు దాని బెజ్జం గ్రీజు నిపుల్ దారికి ఎదురుగా రావాలి. తర్వాత రీమరు వేసి, పిన్ను చేతి ఒత్తిడికి జారేలా చేస్తారు. హబ్బు బేరింగులో గ్రీజు పైన పూస్తే చాలదు. అరచేతిలో ముద్ద తీసుకుని, బేరింగు వెడల్పు అంచును దానికేసి నొక్కుతూ పోతే రోలర్ల సందుల్లోంచి పై అంచున గ్రీజు బయటికి వస్తుంది, అప్పటికి నిండినట్టు. చక్రం తిప్పుతూ నట్టు బిగించి, కాస్త వెనక్కి వదిలి, బెజ్జం కలిసిన చోట కొత్త స్ప్లిట్ పిన్ను దూరుస్తారు.

1950ల నడుమ అమెరికాలో జాన్ డీర్ ట్రాక్టర్లకు ఫ్యాక్టరీలోనే పవర్ స్టీరింగు బిగించడం మొదలైంది. 1960ల్లో చార్లిన్ కంపెనీ ఆర్బిట్రోల్ యూనిటుతో స్టీరింగు పెట్టె, డ్రాప్ ఆర్ము, పొడవాటి డ్రాగ్ లింకు తొలగిపోయాయి. స్టీరింగు చక్రానికీ ముందు ఇరుసుకూ మధ్య ఇనుప సంబంధమే లేదు. గొట్టాల్లో నూనె, ఇరుసు మీద సిలిండరు, చక్రాలను కలిపే టై రాడ్డు ఉంటాయి. డ్రైవరు భుజాలకు ఇది గొప్ప ఊరట. మెకానిక్కు మాత్రం జాగ్రత్త పడాలి. పాత స్టీరింగులో కీలు అరిగితే చక్రం చేతిలో అదిరి చెప్పేది. నూనె స్టీరింగు ఆ అదురును మింగేస్తుంది, టై రాడ్డు కొన ఊడే దశకు వచ్చినా చేతికి తెలియదు. అందుకే పవర్ స్టీరింగు బండికి చేతి పరీక్ష ఇంకా తరచుగా కావాలి.

2008లో భారత్‌కు వచ్చిన కుబోటా, ఆ వెంటే ఇతర కంపెనీలు వరి నేలలకు ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లను దించాక ముందు ఇరుసు మోసేదే కాదు, లాగేది కూడా అయింది. ఇరుసు లోపల డిఫరెన్షియల్, కొనల్లో బెవెల్ గేర్లు నూనెలో మునిగి తిరుగుతాయి. దమ్ము అయ్యాక కింది డ్రెయిన్ బోల్టు వదులు చేసి రెండు చుక్కలు చూడాలి: నూనె పాలలా తెల్లగా దిగితే సీలు పోయి నీరు చేరినట్టే. అప్పుడు నూనె ఒక్కటే మార్చి లాభం లేదు. సీళ్లు మార్చి, లోపల కడిగి, కంపెనీ చెప్పిన గ్రేడు నూనె పోయాలి. గేర్ల సందు షిమ్ములతో కొలిచి పెట్టాల్సిన పని కనుక, ఈ ఇరుసు విప్పడం ఊరి మెకానిక్కు చేతి నుంచి డీలరు వర్క్‌షాపుకు చేరుతోంది.