మామిడి ఎగుమతికి ‘ఆరోగ్య’ పత్రం తప్పనిసరి
తోటలోనే మొదలు కావలసిన జాగ్రత్తలు

విదేశాలకు పంపే తాజా పండ్లు, కూరగాయలు, విత్తనాలు, నర్సరీ మొక్కల వెంట చీడపీడలు లేవని తెలిపే ఆరోగ్య ధ్రువీకరణ పత్రం ఉండాలి. వాడుకలో దీనిని ఫైటోశానిటరీ సర్టిఫికెట్‌ అంటారు. సరుకు సిద్ధమయ్యాక రుసుము చెల్లించి తెచ్చుకునే కాగితంగానే పలువురు రైతులు దీనిని భావిస్తుంటారు. వాస్తవానికి ఇందుకు కావలసిన పని కోతకు ఎన్నో వారాల ముందే తోటలో ఆరంభమవుతుంది.

ఒక దేశపు పురుగులు, తెగుళ్లు మరో దేశపు పంటల్లోకి పాకకుండా చూసేందుకు 1951లో అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడిక కుదిరింది. ఈ పత్రం దాని ప్రకారం జారీ అవుతుంది. మన దేశంలో ఫరీదాబాద్‌ కేంద్రంగా ఉన్న సస్యరక్షణ, క్వారంటైన్‌, నిల్వల డైరెక్టరేట్‌ ఈ బాధ్యత చూస్తోంది. విశాఖపట్నం, హైదరాబాద్‌లలో క్వారంటైన్‌ కేంద్రాలున్నాయి.

పత్రం ఇచ్చేది మన అధికారులే అయినా షరతులు విధించేది కొనే దేశం. 2006లో మన మామిడికి తలుపులు తెరిచిన జపాన్‌, బంగినపల్లితో పాటు మరికొన్ని రకాలను ఆవిరి వేడిలో ఉంచి, గుజ్జు లోపలి భాగం 47.5 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఉండేలా చూడాలంది. అమెరికా 2007 నుంచి కనీసం 400 గ్రే మోతాదులో రేడియేషన్‌ చేసిన పండ్లనే అనుమతిస్తోంది. యూరప్‌కు పంపే కాయలను 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచే పద్ధతి ఉంది.

యూరప్‌ నిబంధనల వెనుక చేదు అనుభవం ఉంది. 2013లో మన దేశం నుంచి వెళ్లిన 207 సరుకుల్లో పురుగులు బయటపడడంతో, మామిడితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమలను యూరోపియన్‌ యూనియన్‌ 2014 మే 1 నుంచి నిషేధించింది. మామిడిపై నిషేధం 2015లో తొలగినా అప్పటికే ఒక సీజను పోయింది. కొందరి సరుకులోని పురుగుకు శుభ్రమైన తోటల యజమానులూ మూల్యం చెల్లించారు.

పండు ఈగ కాయ పక్వానికి వచ్చే వేళ తొక్కకు గాటు పెట్టి గుడ్లు పెడుతుంది. పైకి నిగనిగలాడే కాయలోనే పురుగు పెరుగుతుంది. కాయ రాలాక అది మట్టిలోకి దిగి కోశస్థ దశకు చేరుతుంది. అందువల్ల రాలిన కాయలను ఎప్పటికప్పుడు ఏరి లోతుగా పూడ్చాలి. మగ ఈగలను పట్టే మిథైల్‌ యూజినాల్‌ ఎరలు అమర్చాలి, కాయలకు సంచులు తొడగాలి. టెంక పురుగు మరీ మోసకారి. పిందె దశలోనే లోపలికి చేరుతుంది, కాయ పెరిగేసరికి గాయం పూడిపోతుంది. కోసి చూస్తే తప్ప దాని జాడ తెలియదు.

ఎగుమతిదారు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి ఎగుమతి-దిగుమతి కోడ్‌, ఇన్‌వాయిస్‌, ప్యాకింగ్‌ జాబితా, అవసరమైతే కొనే దేశం ఇచ్చిన అనుమతి జతచేయాలి. పెట్టెల గుర్తులు, బరువు, శాస్త్రీయ నామం, చేయించిన శుద్ధి వివరాలు అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉండాలి. దిద్దుబాట్లు చెల్లవు. 2025 మేలో నవీ ముంబయిలో రేడియేషన్‌ చేయించి అమెరికాకు పంపిన 15 సరుకులు పత్రాల్లో లోపాల కారణంగానే తిరస్కరణకు గురయ్యాయి.

ఈ పత్రం చీడల గురించే చెబుతుంది, మందుల అవశేషాల గురించి కాదు. పురుగు భయంతో కోతకు ముందు ఎడాపెడా పిచికారీ చేస్తే పత్రం చేతిలో ఉన్నా అవశేషాల పరీక్షలో సరుకు నిలిచిపోవచ్చు. గుంటూరు మిర్చికి అఫ్లాటాక్సిన్‌ పరీక్ష కూడా వేరే వ్యవహారమే. అది స్పైసెస్‌ బోర్డు పరిధిలోనిది.

కడియం నర్సరీల వారికి అసలు చిక్కు మట్టితో. చాలా దేశాలు దానిని అనుమతించవు కనుక వేర్లు కడిగి కొబ్బరి పొట్టు వంటి వాటిలో నాటి పంపాలి. చెక్క పెట్టెలు, ప్యాలెట్లు వాడితే ఆ చెక్కను మధ్యభాగం వరకు 56 డిగ్రీల వద్ద 30 నిమిషాలు వేడిచేయడం వంటి శుద్ధి చేయించి ముద్ర వేయించాలి.

వేడిచేసి డబ్బాల్లో నింపిన చిత్తూరు తోతాపురి గుజ్జుకు మాత్రం సాధారణంగా ఈ పత్రంతో పని లేదు. పిల్లల వద్దకు సంచిలో నాలుగు పండ్లు తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఆ వెసులుబాటు లేదు. 2019 డిసెంబర్‌ 14 నుంచి యూరోపియన్‌ యూనియన్‌ దేశాల్లో ప్రయాణికుల సామానులోని తాజా పండ్లకూ పత్రం ఉండాలి. అనాస, కొబ్బరి, దురియన్‌, అరటి, ఖర్జూరాలకే మినహాయింపు.