ఫోనుకి అవతలివైపు ఎవరు?

పసిబిడ్డ పగలు ఏడిస్తే పక్కింటావిణ్ణి అడగొచ్చు, క్లినిక్కి పరిగెత్తొచ్చు. రాత్రి మూడింటికి గుక్కపట్టి ఏడిస్తే దిక్కు టెలిఫోనే. సింగపూరులో బాలింతల ఫోనుకి అవతలివైపు ఏ కాలంలో ఎవరున్నారన్నది రాజుల చరిత్రంత గొప్పది కాకపోవచ్చు. కానీ మన తెలుగువాళ్ళకి అందులో పనికొచ్చే సంగతి ఒకటుంది.

ముందు ఆసుపత్రి గురించి చెప్పాలి. లిటిల్ ఇండియాకి దగ్గర్లోని కండాంగ్ కెర్బావ్ ఆసుపత్రి 1924లో ప్రసూతి ఆసుపత్రి అయింది. మలయ్ భాషలో ఆ పేరుకి గేదెల కొట్టం అని అర్థం లెండి! 1966లో ఒక్క ఏడాదిలో అక్కడ 39,835 కాన్పులు జరిగాయి. అంటే రోజుకి సుమారు 109. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన లెక్క అది. అంత సందట్లో ఒక్కో బాలింత పక్కన కూర్చుని ధైర్యం చెప్పే తీరిక ఏ నర్సుకి మాత్రం ఉంటుంది?

చెప్పే మనిషి లేనిచోట వ్యాపారం నోరు విప్పుతుంది. ఆ ప్రమాదాన్ని డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1939లోనే సింగపూరు రోటరీ క్లబ్బులో ఎత్తిచూపింది. ఆవిడ ఉపన్యాసం పేరు ‘పాలు, హత్య’. చక్కెర కలిపిన డబ్బాపాలు పసిపిల్లలకి మంచివని నమ్మించి అమ్మటం వాళ్ళని చంపటమేనని ఆవిడ వాదన.

డబ్బాపాల ప్రచారానికి జవాబు చివరికి తల్లుల దగ్గర్నుంచే వచ్చింది. 1956లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఏడుగురు తల్లులు కలిసి లా లేచే లీగ్ పెట్టారు. 1964లో మెల్‌బోర్న్‌లో అలాంటి సంఘమే మరొకటి మొదలైంది. 1970ల్లో సింగపూరు తల్లులూ ఒక సంఘం పెట్టుకున్నారు. అదే ఇప్పటి బ్రెస్ట్‌ఫీడింగ్ మదర్స్ సపోర్ట్ గ్రూప్. పద్ధతి చాలా తేలిక. తన బిడ్డకి పాలిచ్చి పెంచిన తల్లి కొంత శిక్షణ పొంది, కొత్త తల్లికి ఫోనులో సలహా చెబుతుంది. జీతం లేదు. అవతలావిడ చెప్పింది ఓపిగ్గా వినటం, “నాకూ ఇలాగే అయిందమ్మా” అనగలగటం, ఇవే ఆ పనికి అర్హతలు.

ఇంతకీ మనవాళ్ళ సంగతేమిటి? ఇక్కడ తెలుగు సమాజం 1975 నుంచీ ఉంది. కానీ ఈ దేశపు అధికార భాషలు ఇంగ్లీషు, మలయ్, చైనీస్, తమిళం. ఆఫీసులో ఇంగ్లీషు దంచేసే మన అమ్మాయి కూడా “పాలు చేపటం లేదు”, “కడుపు ఉబ్బరంగా ఉన్నట్టుంది”, “ఏమిటో గుబులుగా ఉంది” అన్న మాటల దగ్గర తడబడుతుంది. ఆ మాటలు ఆమె నేర్చింది బళ్ళో కాదు, వంటింట్లో.

అందుకే మా తరం వాళ్ళకి హెల్ప్‌లైన్ అంటే ఐ.ఎస్.డి. కాలే. మా అబ్బాయి పుట్టినప్పుడు ఊళ్ళో మా అమ్మకి ఫోను లేదు. ఎదురింటివాళ్ళది పీపీ నంబరు. ఇక్కడ రాత్రి మూడయితే అక్కడ పన్నెండున్నర. ఆ వేళప్పుడు పరాయివాళ్ళని ఎలా లేపుతాం? తెల్లారేదాకా ఆగి, గడియారం చూసుకుంటూ మాట్లాడేదాన్ని. సగం డబ్బులు అమ్మని పిలుచుకురావటానికే అయిపోయేవి.

2000 ఏప్రిల్ 1న సింగపూరు తన టెలికాం రంగాన్ని పూర్తిగా పోటీకి తెరిచింది. 2002 ఏప్రిల్ 1న మన దేశంలో అంతర్జాతీయ కాల్స్ మీద వి.ఎస్.ఎన్.ఎల్. గుత్తాధిపత్యం పోయింది. అదే ఏడాది చెన్నై నుంచి సింగపూరుకి ఐటుఐ అనే సముద్రగర్భ కేబుల్ వచ్చింది. రేట్లు దిగాయి, మాటలు పెరిగాయి. 2020 మార్చిలో కోవిడ్ వల్ల సరిహద్దులు మూసుకుని అమ్మమ్మలు రాలేకపోతే, బిడ్డని కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పోయటం వీడియో కాల్లోనే నేర్పారు.

అయితే అమ్మ చెప్పిందల్లా వేదం కాదు. తేనె నాకించమని మా అమ్మ అనేది. ఏడాది నిండని బిడ్డకి తేనె వల్ల బాట్యులిజం అనే జబ్బు రావచ్చని వైద్యులు చెబుతారు. ఆరు నెలలదాకా మంచినీళ్ళు కూడా వద్దు, తల్లిపాలే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో చెప్పింది. తేనె విషయంలో నేను నర్సు మాట విన్నాను. “వాడు పడుకున్నప్పుడే నువ్వూ ఓ కునుకు తియ్యవే” అన్న అమ్మ మాటా విన్నాను. నాకు రెండూ కావలసి వచ్చాయి.

బాలింత దిగులు కనిపెట్టటానికి 1987లో ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నలు తయారుచేశారు. చాలా దేశాల్లో వాడుతున్నారు. ఆ ప్రశ్నలు ఇంగ్లీషులో అడిగితే మన పిల్ల “అయాం ఫైన్” అని నవ్వేస్తుంది. “నిద్ర పడుతోందా తల్లీ? అన్నం సయిస్తోందా?” అని తెలుగులో అడిగి చూడండి, కళ్ళనీళ్ళు తిరుగుతాయి. మాట బయటికి రాకపోతే జబ్బు లోపలే ముదురుతుంది.

2025 జూన్‌లో సింగపూరు 1771 నంబరుతో ఇరవైనాలుగు గంటల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ తెచ్చింది. మంచిదే. దానికి తోడు, ఇక్కడే పురుడు పోసుకున్న మన ఆడవాళ్ళు పదిమంది శిక్షణ పొంది, వంతులవారీగా ఫోను ఎత్తితే ఎంత బాగుంటుంది! ఎప్పుడు ధైర్యం చెప్పాలో, ఎప్పుడు “మాటలు చాలు, ముందు ఆసుపత్రికి పద” అనాలో తెలిసినవాళ్ళు కావాలి. ఉగాదికి, సంక్రాంతికి వందలమందిమి పోగవుతాం. అందులోంచి పదిమంది దొరకరంటే నేను నమ్మను.