వానాకాలపు పగుళ్లు



మనం ఇత్తడి అంటాం. కన్నడిగులు హిత్తాళె అంటారు. తమిళులకది పిత్తళై, మరాఠీ వారికి పితళ. పేరు కాస్త మారినా లోహం ఒక్కటే, రాగి, తుత్తునాగం కలిసినది. ఈ ఇత్తడి ఒకప్పుడు బ్రిటిష్ ఇండియా సైన్యాన్ని తికమకపెట్టిన కథ ఈనాటి ప్రసంగ విషయం.

19వ శతాబ్దం చివరి భాగంలో తుపాకి తూటాలకు ఇత్తడి డొల్లలు వాడుకలోకి వచ్చాయి. అందులో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. ఇత్తడి బిళ్లను అచ్చుల్లో నొక్కి, సాగదీసి, గుండు కూర్చునే మెడ దగ్గర ఇరుకు చేస్తారు.

వానాకాలంలో సైన్యం కదలికలు తగ్గేవి. మందుగుండును గుర్రపుశాలల్లో నిలవ ఉంచేవారు. వానలు వెలిశాక చూస్తే, ఒక్కసారైనా పేల్చని తూటాల డొల్లలు పగిలి ఉండేవి. అలాంటిది పేలిస్తే వేడి వాయువు పగులులోంచి చిమ్ముతుంది. ప్రమాదం తుపాకి పట్టిన సిపాయికే. ఈ పగుళ్లకు ‘సీజన్ క్రాకింగ్’ అన్న పేరు స్థిరపడింది. వాన వల్లనే అనుకోవడం సహజం.

1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఈ చిక్కు విప్పారు. గుర్రాల మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా తేమతో కలిసి ఇత్తడిని తాకుతుంది. అయితే అదొక్కటే చాలదు. అచ్చులో నొక్కినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు లోపలినుంచి లాగుతూ ఉండాలి. రెండూ కలిస్తేనే పగులు.

విరుగుడు మన కంచరివారు ఎరిగినదే. బిందె కొడుతూ మధ్యమధ్య కొలిమిలో ఎందుకు కాస్తారు? సుత్తి దెబ్బలకు ఇత్తడి గట్టిపడి, పెళుసెక్కుతుంది. కాస్తే మళ్లీ మెత్తబడుతుంది. తూటాకూ అంతే. ఎప్పుడు కాచాలన్నదే ముఖ్యం. నొక్కే పని ముగిశాక, నిలవ చేయకముందు కాచాలి. బిగువు మాత్రం తీయడానికి 300 డిగ్రీల సెంటిగ్రేడు లోపు వేడి చాలు. పేలిన డొల్లను మళ్లీ నింపి వాడేవారు కూడా కొన్ని విడతలయ్యాక, మెడ పగలకముందే దాన్ని కాస్తారు. పగిలాక కాచి ప్రయోజనం లేదు. అడుగుభాగాన్ని మాత్రం మెత్తబరచకూడదు. పేలుడు ఒత్తిడిని ఓర్చుకునేది దాని గట్టిదనమే.

నేటికీ చాలా సైనిక తూటాల మెడ మీద ఒక మసక రంగు కనిపిస్తుంది. అది మరక కాదు, కాచిన గుర్తు. వానను ఎవరూ ఆపలేరు. లోహంలోని బిగువును ముందే తీయవచ్చునని చెప్పే గుర్తు అది.