తీర్పు, తీర్మానం, ఫైసలా: ‘డెసిషన్’ అనే మాట వెనక మన జిల్లాల చరిత్ర

ఈరోజు రాజుల గురించి, కోటల గురించి కాదు, ఒక్క మాట గురించి మాట్లాడుకుందాం. ‘డెసిషన్’. బీటెక్ ఫస్టియర్‌లో ఫ్లోచార్ట్ గీసినోళ్లకు గుర్తుండే ఉంటది, డైమండ్ ఆకారంలో ఒక డబ్బా ఉంటది. అందులోంచి రెండు దారులు, ఒకటి ‘అవును’, ఇంకోటి ‘కాదు’. ఆ డబ్బా పేరే డెసిషన్. తెలుగులో ఏమంటారంటే అందరం టక్కున ‘నిర్ణయం’ అంటాం. నేనూ అట్లనే అనుకున్న, మా తాత ట్రంకుపెట్టె తెరిచేదాకా.

మాది కరీంనగర్ జిల్లాలో ఒక పల్లె. ఆ పెట్టెలో మడతల దగ్గర చినిగిపోయిన ఒక కాగితం దొరికింది. మొత్తం ఉర్దూ. మా ఇంట్లో ఒక్కరికీ చదవరాదు. ఊర్లో రిటైరైన ఒక ఉర్దూ సార్ దగ్గరికి తీసుకపోతే చదివి చెప్పిండు: ‘ఇది మీ పొలం గెట్టు పంచాయితీ మీద ఫైసలా బిడ్డా, ఫసలీ 1352’. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తది. అంటే 1942–43. మా తాతకు ఉర్దూ అక్షరం రాదు. తన పొలం మీద వచ్చిన ఫైసలాను ఆయన బతికినన్ని రోజులు చదవలే. ఎవరో చెప్తే విన్నడు, విన్నదే నమ్మిండు. ఈ ఎపిసోడ్ ఆ కాగితం దగ్గర మొదలైంది.

ముందు మాటల సంగతి చూద్దాం. ఇంగ్లిష్ ‘డిసైడ్’ లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం ‘కోసెయ్యడం’. రెండు దారులుంటే ఒకటి కోసేస్తం, ఇంకోటి మిగుల్తది. ‘ఫైసలా’ అరబ్బీ మాట. దాని ధాతువుకు అర్థం ‘వేరు చెయ్యడం’. పంట అనే అర్థంలో వాడే ‘ఫసల్’ కూడా ఆ ధాతువు నుంచే వచ్చింది. పంటల లెక్కన శిస్తు వసూలు కోసం అక్బర్ కాలంలో మొదలైన క్యాలెండర్ పేరే ‘ఫసలీ’. అంటే మా తాత కాగితం మీదున్న సంవత్సరం పేరు, కాగితం పేరు అక్కాచెల్లెళ్లన్నట్టు.

మరి మన తెలుగు? ‘ఆ పంచాయితీ ఇంకా తెగలే’, ‘బేరం తెగింది’ అని మన పెద్దలు రోజూ అంటరు. తెగడమంటే కోసుకపోవడమే కదా! మూడు భాషలు ఒకదాన్నొకటి అడగకుండనే ఒక్క తావుకొచ్చినయ్.

ఇంకా ఉన్నయ్. ‘తీర్పు’ మన ‘తీరు’ నుంచి పుట్టింది. ఆకలి తీరినట్టు, అప్పు తీరినట్టు తగాదా తీరాలె. ‘తీర్మానం’ చూడ్డానికి సంస్కృతం లెక్క కనిపిస్తది గాని దాని మొదలు కూడా ఈ ‘తీరు’నే. తమిళంలో, కన్నడంలో కూడా ఆ మాట ఉంది. ‘నిర్ణయం’ మాత్రం సంస్కృతం, ‘బయటికి నడిపించడం’ అని అసలు అర్థం. తేదీలు ‘ఖరారు’ చేస్తం, పెండ్లి ‘ఖాయం’ చేసుకుంటం. ఈ రెండూ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చినయ్.

ఇవన్నీ ఒకటేనా అంటే కాదు. పక్కన ఏ క్రియ వస్తదో చూడండి. నిర్ణయం ‘తీసుకుంటం’, ఎవరిది వాళ్లే. తీర్పు ‘ఇస్తరు’, ఇచ్చేటోడు పైన ఉంటడు, మనం కింద నిలబడతం. తీర్మానం ‘చేస్తరు’, నలుగురు కూసొని చెయ్యాలె, ఒక్కనితోని కాదు. ఇగ ఫైసలా అంటే మన దిక్కు దఫ్తర్ వాసన వస్తది. భూమి రికార్డుల్లో ‘ఫైసల్ పట్టీ’ అనే రిజిస్టర్ పేరు ఇప్పటికీ వినబడుతుంది. భూముల్లో ఏటా జరిగిన మార్పులు అందులో ఎక్కేవి. నైజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, కచేరీ రాత మాత్రం ఉర్దూ. అందుకే ఊర్లో మాట ‘పంచాయితీ తెగింది’, కాగితం మీద మాట ‘ఫైసలా’.

ఇప్పుడు ఆదిలాబాద్ అడవులకు పోదాం. అక్కడ గోండులది గోండీ భాష. వాళ్లకు ఉర్దూ, తెలుగు రెండూ బయటి భాషలే. గూడెంలో తగాదా వస్తే పట్లా, పెద్దమనుషులు కూసొని తెంపేటోళ్లు. అయితే అడవికి రిజర్వు హద్దులు గీసే ఫైసలా మాత్రం వాళ్లను అడగకుండ కచేరీల్లోనే అయిపోయింది. దున్నుకునే భూమి రాత్రికి రాత్రి సర్కారు అడవి అయింది. ఆ ఫైసలాను ఒప్పుకోనని నిలబడ్డ మనిషి కుమ్రం భీం. 1940లో జోడేఘాట్‌లో పోలీసు తుపాకులకు భీం, ఆయన వెంట ఉన్నోళ్లు బలయ్యారు. ఇప్పటికీ ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి చేస్తరు.

ఆ రక్తం తర్వాత గాని సర్కారుకు అసలేమైందో తెలుసుకోవాలని అనిపించలే. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ గోండుల మధ్యే మార్లవాయిలో ఉన్నరు. 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండీలో పాఠ్యపుస్తకాలు తయారైనయ్. వేల కుటుంబాలకు పట్టాలొచ్చినయ్. ఫసలీ 1356లో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక రెగ్యులేషన్ వచ్చింది. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టింది కూడా ఆ 1940లలోనే. జనం కచేరీకి పోవుడు కాదు, అధికారులే జాతరకొచ్చి అర్జీలు వినాలె. ఆ దర్బారు ఇప్పటికీ జరుగుతున్నది. హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు మార్లవాయిలోనే ఉన్నయ్.

గూడేల పాత పద్ధతి కూడా పోలేదు. రాయి సెంటర్లలో సార్‌మెడీలు ఇప్పటికీ పంచాయితీలు వింటరు. 1996లో వచ్చిన పెసా చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందన్నది. అక్కడ రాసుకునే మాట ‘తీర్మానం’. నలుగురు కూసొని చేసేది, గుర్తుంది కదా?

మా తాత కాలంలో ఫైసలా ఉర్దూలో వచ్చింది. ఇప్పుడు హైకోర్టు తీర్పు ఇంగ్లిష్‌లో వస్తది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసిన నాకే ఆ ఇంగ్లిష్ రెండుసార్లు చదివితే గాని ఎక్కది. మా ఊరి రైతు మాత్రం ఇంకా వకీలు మొఖం దిక్కే చూస్తున్నడు. మాట ఏదైనా కానీ, ఎవరి బతుకు మీద తీర్పో వాళ్లకు అర్థమైతేనే తగాదా తీరినట్టు. లేకుంటే కాగితం మీద తెగుద్ది గాని మనసులో తెగదు.

ఒక్క పని చెయ్యండి. మీ ఇంట్లో పాత ఉర్దూ కాగితాలుంటే పారెయ్యకండి. ఉర్దూ వచ్చిన పెద్దలు ఉన్నప్పుడే పోయి చదివించుకోండి. మా కాగితం ఏం చెప్పిందంటరా? గెట్టు మా తాత చెప్పిన దగ్గరే ఉందట. ఆయన దిక్కే ఫైసలా అయింది. ఆ సంగతి ఆయన తన కండ్లతోని చదువుకోలే, అంతే.

మళ్లీ కలుద్దాం. ఉంటా మరి.