విటమిన్ ఏ కథలో రెండో సగం

విటమిన్ ఏ అనగానే మనకి గుర్తొచ్చేది కళ్ళే. రేచీకటి, మునగాకు, కారట్. అందులో తప్పేమీ లేదు గానీ అది సగం కథే. రెండో సగం తేలడానికి డెబ్భై ఏళ్ళకు పైగా పట్టింది. ఇప్పుడది పరిశోధనశాలల ఫ్రీజర్లలో, చిన్న ప్లాస్టిక్ గొట్టాల్లో, మైక్రోగ్రాముల లెక్కన ఉంటుంది. గొట్టం మీద పేరు: రీకాంబినెంట్ హ్యూమన్ రెటినోయిక్ యాసిడ్ రిసెప్టర్. పేరుకి నోరు తిరగదు. దాని చరిత్ర మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు.

1913లో అమెరికాలో మెకాలమ్, మార్గరీట్ డేవిస్ వెన్నలో, గుడ్డు సొనలో ఎలుకల పెరుగుదలకి అవసరమైన పదార్థమేదో ఉందని గమనించారు. అదే తర్వాత విటమిన్ ఏ అయింది. అంటే వాళ్ళకి ముందు కనిపించింది చూపు కాదు, పెరుగుదల. 1925లో వోల్‌బాక్, హోవ్ ఆ విటమిన్ అందని ఎలుకల్ని పరీక్షిస్తే, శ్వాసనాళంలో, లాలాజల గ్రంథుల్లో తడిగా ఉండాల్సిన లోపలి పొరలు చర్మంలా గట్టిపడి ఉన్నాయి. అయితే 1933లో జార్జ్ వాల్డ్ రెటీనాలో విటమిన్ ఏని కనిపెట్టాక కథంతా కంటి వైపు తిరిగింది. ఆ సగం తెలిసినా మేలే జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా 1970 నుంచి మన దేశంలో పసిపిల్లలకి ఆర్నెల్లకోసారి విటమిన్ ఏ ద్రావణం తాగించడం మొదలుపెట్టింది చూపు కాపాడ్డానికే.

రెండో సగానికి ఆధారం మళ్ళీ వాల్డ్ దగ్గరే దొరికింది. 1960లో ఆయన, జాన్ డౌలింగ్ కలిసి ఎలుకలకి విటమిన్ ఏ బదులు దాని ఆమ్ల రూపమైన రెటినోయిక్ యాసిడ్ పెట్టారు. ఎలుకలు బాగానే పెరిగాయి, కానీ చూపు పోయింది. కంటికి కావలసింది ఒక రూపం, ఒంటికి కావలసింది ఇంకో రూపం. మరి ఒంట్లో ఆ ఆమ్లం ఏం చేస్తున్నట్టు?

జవాబు 1987 డిసెంబరులో వచ్చింది. కాలిఫోర్నియాలో రొనాల్డ్ ఎవాన్స్ బృందం, ఫ్రాన్సులో పియేర్ షాంబోఁ బృందం స్టిరాయిడ్ హార్మోన్ల గ్రాహకాలకి చుట్టాల కోసం వెతుకుతుంటే ఒక జన్యువు దొరికింది. దాని ప్రొటీన్ దేనికి స్పందిస్తుందో తెలీదు. అందుకని అందులో డీఎన్ఏని పట్టుకునే ముక్క తీసేసి, తమకి తెలిసిన గ్రాహకం ముక్క అతికించి, ఒక్కో పదార్థమే ఇచ్చి చూశారు. రెటినోయిక్ యాసిడ్‌కి స్పందించింది. ఆ ఆమ్లం ఈ గ్రాహకాన్ని పట్టుకుని ఏ జన్యువు పనిచెయ్యాలో చెబుతోందన్నమాట. రెండు బృందాల ఫలితాలూ ‘నేచర్’లో ఒకేసారి అచ్చయ్యాయి.

కణంలో ఈ గ్రాహకం ఉండేది బహు కొద్దిగా. అందుకే మనిషి జన్యువుని ఈ.కోలై లాంటి బ్యాక్టీరియాలో పెట్టి, దాని చేత ప్రొటీన్ తయారుచేయించి, వడపోసి తీస్తారు. గొట్టంలో ఉండేది అదే. అలా శుద్ధమైన ప్రొటీన్ చేతికొచ్చాకే దాని ఆకారం చూడగలిగారు. 1995లో స్ట్రాస్‌బర్గ్ శాస్త్రవేత్తలు చూపించిన ప్రకారం, ఆమ్లం లోపలికి చేరగానే ప్రొటీన్ చివరి భాగం మూతలా వచ్చి పడుతుంది.

ఇదంతా తేలకముందే షాంఘైలో ఒక డాక్టరు ఆ ఆమ్లాన్ని మందుగా వాడేశాడు. 1985లో వాంగ్ జెన్‌యీ, అక్యూట్ ప్రోమైలోసైటిక్ ల్యుకేమియాతో చావుకి దగ్గరపడిన అయిదేళ్ళ పాపకి రెటినోయిక్ యాసిడ్ ఇచ్చాడు. ల్యుకేమియా కణాలు ఈ ఆమ్లంతో పరిపక్వమవుతాయని ప్రయోగశాలలో అప్పటికే చూశారు. ఎందుకో మాత్రం తెలీదు. పాప కోలుకుంది. 1988లో ఆయన బృందం 24 మంది రోగుల ఫలితాలు ప్రకటించింది. 1990లో కారణం బయటపడింది. ఆ జబ్బులో 15, 17 క్రోమోజోములు తెగి ముక్కలు మార్చుకుంటాయి. 17లో తెగేది సరిగ్గా ఈ గ్రాహకం జన్యువే! పాడైన గ్రాహకం రక్తకణాన్ని ఎదగనివ్వదు. ఎక్కువ మోతాదులో ఆమ్లం అందితే ఆ అడ్డు తొలగి కణం ఎదుగుతుంది. ఒకప్పుడు రోజుల్లో ప్రాణం తీసిన ఆ క్యాన్సరు ఇప్పుడు చాలామందికి నయమవుతోంది.

కథ ఇక్కడితో అయిపోలేదు. ఈ గ్రాహకంలో ఆల్ఫా, బీటా, గామా అని మూడు రకాలున్నాయి. గర్భంలో బిడ్డ అవయవాలు ఏర్పడడం కూడా వీటి చేతుల్లోనే ఉంది. అందుకే మొటిమలకి వాడే ఐసోట్రెటినోయిన్ లాంటి మందులు గర్భిణులకి ఇవ్వకూడదు. మూడింట్లో ఒక్కదాన్నే తాకే మందు కావాలి. కొత్త అణువు ఏ రకాన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో ముందుగా తేల్చుకునేది ఈ గొట్టాల్లోనే.