మధ్యలో మానేసినవాళ్ల పేర్లు కూడా రాయండి

దగ్గరికి జరగండర్రా, గంగ మీద నుంచి చలిగాలి కొడుతోంది. ఆ కుంపటి కాస్త ఇటు లాగండి. మీరు చదివిన జాబితా అంతా విన్నాను. చాలా కష్టపడ్డారు. విశాఖలో ఇల్లు కట్టుకున్నవాళ్లు, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, అమెరికా వెళ్లినవాళ్లు, అందరి ఫోన్ నంబర్లూ పట్టుకున్నారు. మన టిటాగఢ్ ఆంధ్ర విద్యాలయం పాత విద్యార్థులంతా ఒకచోట కలుస్తున్నారంటే నా ఒంట్లో సగం వయసు తగ్గిపోయింది. కానీ అందులో మా అన్న పేరు లేదు. మీరు చివరి పరీక్ష పాసైనవాళ్ల పేర్లే రాసుకున్నారు. మా అన్న ఏడో తరగతిలోనే బడి మానేశాడు. అలాంటివాళ్ల సంగతి మీకు చెప్పాలి. వినండి.

అసలు ఈ ఊళ్లో మనకి తెలుగు బడి ఎందుకొచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? గంగకి ఆవలి ఒడ్డున రిష్రాలో 1855లో ఈ దేశంలో మొదటి జూట్ మిల్లు పెట్టారు. ఆ తర్వాత రెండు ఒడ్లా మిల్లులు లేచాయి. స్కాట్లాండులోని డండీ నుంచి మిషన్లు దిగాయి. వాటి దగ్గర నిలబడడానికి మనుషులు కావాలి కదా. బీహారు నుంచి, యూపీ నుంచి, ఒరిస్సా నుంచి వచ్చారు. మన గంజాం, విశాఖ జిల్లాల నుంచి మనవాళ్లొచ్చారు. శ్రీకాకుళం జిల్లా అప్పటికింకా లేదు, 1950లో గానీ ఏర్పడలేదు. పలాస, నౌపడ, సోంపేట స్టేషన్లలో మూటాముల్లెతో రైలెక్కి హౌరాలో దిగేవారు. ఇక్కడికొచ్చాక ఏ ఊరివాడైనా ఒకటే పేరు, ‘మద్రాసీ’.

మిగతా ప్రాంతాల మగవాళ్లు చాలామంది పెళ్లాం పిల్లల్ని ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చేవారు. మనవాళ్లు ఎక్కువగా సంసారాలతో వచ్చారు. మన ఆడవాళ్లు కూడా మిల్లు పనిలోకి దిగారు. మా అమ్మ కూడా తెల్లారగట్ల మిల్లు కూత వినపడగానే జుట్టు ముడేసుకుని వెళ్లేది. తిరిగొచ్చేసరికి తలంతా నార పీచు. చంకలో బిడ్డతో వచ్చినవాళ్లు కనక ఆ బిడ్డ చదువు గురించి ఆలోచించాల్సి వచ్చింది. అలా పుట్టింది మన బడి అవసరం.

మిల్లు కూలీల ఇళ్ల లైన్లో గుంటలం ఆడుకునేటప్పుడు హిందీ, బజారుకెళ్తే బెంగాలీ. తెలుగు అక్షరం మాత్రం బడిలోనే. ఆ అక్షరంతో ఏం ఒరిగిందని ఈ కాలం పిల్లలు అడుగుతారు. మనియార్డరు ఫారం చూశారా మీరెప్పుడైనా? అడుగున చింపి ఇచ్చే చిన్న ముక్క ఒకటుండేది. డబ్బు అందుకున్నవాళ్ల చేతిలో మిగిలేది ఆ ముక్కే. నాలుగు వాక్యాలు పడితే గొప్ప. హప్తా, అంటే వారం కూలి, అందిన మర్నాడు లైన్లో ఆడవాళ్లంతా ఆ ఫారాలు పట్టుకుని మా గుమ్మం ముందు కూర్చునేవారు. మా అన్న అరుగు మీద పీట వేసుకుని రాసేవాడు. అడ్రసు ఇంగ్లీషులో రాయాలి, లేకపోతే ఇక్కడి పోస్టాఫీసులో చదవలేరు. కింది ముక్క మీద తెలుగులో, చీమల బారులాగా సన్నటి అక్షరాలు. ‘ఆవుని అమ్మొద్దని చెప్పు’ అని ఒకామె, ‘పిల్లకి జొరం తగ్గిందా అని అడుగు’ అని ఇంకొకామె. అన్నీ ఆ ముక్కలోనే ఇరికించేవాడు. రాసినదాన్ని ఒకసారి పైకి చదివి వినిపించమనేవారు. వాళ్ల మాట కాగితం మీంచి వాళ్లకే వినపడితే ఆ మొహాల్లో వెలుగు చూడాలి. ఊళ్లో ఉన్న ముసలి తల్లికీ ఇక్కడున్న కొడుక్కీ మధ్య తెగిపోకుండా పట్టి ఉంచింది ఆ రాతే.

మా అన్నకి చదువంటే ప్రాణం. తెలుగు మాస్టారు డిక్టేషన్ చెబితే తప్పు దొరికేది కాదు. నాన్న దగ్గుతో మంచమెక్కాడు. ఇంట్లో నాకూ చెల్లికీ చదువుకునే వయసు. అన్న ఎవరికీ చెప్పకుండా, మిల్లులో కూలీలని పెట్టే సర్దారు దగ్గరికెళ్లి, బద్లీ పనిలో చేరిపోయాడు. బద్లీ అంటే తెలుసు కదా, ఎవరైనా రానిరోజు వాళ్ల బదులు పని దొరుకుతుంది. దొరక్కపోతే గేటు దగ్గర నిలబడి వెనక్కి రావడమే. మరుసటి వారం హాజరుపట్టీలో అన్న పేరు మీద గీత పడింది. నా పేరు మీద మాత్రం పడలేదు. ఎందుకు పడలేదో నాకు అప్పుడే తెలుసు.

షిఫ్టు దిగొచ్చి స్నానం చేసి నా పుస్తకాలు తీసుకుని చదివేవాడు. శరత్ బెంగాలీ నవలలకి చక్రపాణి గారి తెలుగు అనువాదాలుండేవి. బెంగాల్లో పుట్టి పెరిగిన మేం శరత్‌ని తెలుగులో చదివి ఏడ్చాం. నేను చదువు పూర్తిచేసి గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ఆఫీసులో గుమాస్తానయ్యాను. ఆ ఉద్యోగం వెనక అన్న నేత మిషను దగ్గర నిలబడ్డ ఏళ్లన్నీ ఉన్నాయి.

మా ఇంట్లోనే ఇలా అనుకోకండి. ఏ ఇంట చూసినా ఒకరు మానేసి ఇంకొకరిని చదివించారు. తమ్ముళ్లని ఎత్తుకోవడానికి నాలుగో తరగతిలో మానేసిన ఆడపిల్లలు ఎందరో. మిల్లులకీ కష్టాలు తప్పలేదు. దేశం చీలిన 1947లో మిల్లులు ఇటు, జనపనార పొలాలు చాలావరకు అటు పోయాయి. ఆ తర్వాత ప్లాస్టిక్ సంచులొచ్చి గోనెసంచి గిరాకీ మీద దెబ్బ కొట్టాయి. 1984 సమ్మెలో మిల్లులు మూతపడితే మా లైన్లో పొయ్యి వెలగని ఇళ్లున్నాయి. అప్పుడు కూడా పిల్లల పలకలు సంచుల్లోనే ఉన్నాయి, బడికి వెళ్తూనే ఉన్నారు. ధాన్యానికీ చక్కెరకీ గోనెసంచులే వాడాలని 1987లో చట్టం వచ్చాక కొంత ఊపిరి ఆడింది. వీటన్నిటి మధ్యా తెలుగు నిలబడింది. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుని అధికార భాషల్లో చేర్చింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లోనూ ఈ గంగ ఒడ్డునా తరాల తరబడి ఈ భాషని ఇంట్లో మాట్లాడి, బడిలో దిద్దించి నిలబెట్టుకున్నవాళ్ల పుణ్యం అది. పాసైనవాళ్లు ఊళ్లు దాటి వెళ్లారు. మానేసినవాళ్లలో చాలామంది ఇక్కడే ఉండి తమ పిల్లల్ని మళ్లీ ఇదే బడికి పంపారు.

మొన్న అన్నకి ఫోన్ చేశాను. ఇప్పుడు టెక్కలి దగ్గర మా ఊళ్లోనే ఉంటున్నాడు. ‘రా అన్నా, అందరం కలుస్తున్నాం’ అంటే, ‘నాకెందుకురా, నాను పాసవనేదు గదా’ అన్నాడు. ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. తన కష్టంతో మమ్మల్ని చదివించినవాడు ఈ బడిలో తనకి చోటు లేదనుకుంటున్నాడు. ఇలా అనుకునేవాళ్లు ఇంకెందరున్నారో!

కాబట్టి రేపటి నుంచి ఫోన్లు పక్కన పెట్టి లైన్లలో తిరుగుదాం. ఒక్కో గుమ్మం దగ్గర ఆగి, ‘ఈ ఇంట్లో మన బడికి ఎవరెవరు వెళ్లారు?’ అని అడుగుదాం. ఎంతవరకు చదివారని అడగొద్దు. ఊళ్లకి వెళ్లిపోయినవాళ్ల ఆచూకీ వాళ్ల చుట్టాలే చెబుతారు. పెళ్లై వెళ్లిన ఆడపిల్లల పేర్లు అమ్మలనడిగి రాసుకోండి. రైలు ఖర్చు భారమైనవాళ్లకి మనం వేసుకున్న చందాలోంచి టిక్కెట్టు తీద్దాం. మా అన్నని నేనే వెళ్లి తీసుకొస్తాను.

ఇంకొక్క మాట. ఆ పేర్ల కార్డులు ఇంకా అచ్చు వేయించలేదుగా? వాటి మీద ‘పాసైన సంవత్సరం’ అని గడి పెట్టారు. అది తీసేసి ‘బడిలో చేరిన సంవత్సరం’ అని పెట్టండి. చేరిన సంవత్సరం అందరికీ ఉంటుంది.