గుహలోని ఇసుక చెప్పిన జలోపద్రవములు



శతపథ బ్రాహ్మణములోని మనువు కథ మనమందరము విన్నదే. ఉదయమున చేతులు కడుగుకొనుచుండగా దోసిలిలోనికి వచ్చిన చిన్న చేప, తన్ను పెంచి రక్షింపుమని వేడినది. రానున్న జలప్రళయమును ముందుగా తెలిపినది. మనువు ఓడను ఉత్తరగిరికి చేర్చినది. ఇట్టి వరదలు నిజముగా వచ్చినవా అని నేటి పిల్లలు మమ్ము అడుగుచున్నారు. అడుగవలసినదే. భూమండలమంతటిని ఒక్కసారిగా ముంచిన వరదకు భూగర్భ శాస్త్రజ్ఞులకు ఆధారము దొరకలేదు. కనబడిన ప్రతి ఇసుక పొరకును ప్రళయమని పేరు పెట్టుట మాకు సమ్మతము కాదు. కాని తీరములను తుడిచిపెట్టిన మహాతరంగములు చరిత్రకు పూర్వమే పలుమార్లు వచ్చినవనుటకు సాక్ష్యము మన బంగాళాఖాతమునకు ఆవలి దిక్కుననే కలదు.

సుమత్రా ద్వీపపు ఉత్తరపు కొసన, ఆచే ప్రాంతములో, కడలి ఒడ్డున ఒక సున్నపురాతి గుహ ఉన్నది. ముఖద్వారమున రాతిగట్టు అడ్డముగా ఉండుటచే తుఫాను కెరటములు లోనికి రాలేవు. సునామీ మాత్రమే ఆ గట్టును దాటును. దాటినపుడు సముద్రపు అడుగునుండి ఇసుకను, సూక్ష్మజీవుల గుల్లలను తెచ్చి లోపల పరచిపోవును. పిమ్మట గుహలోని గబ్బిలముల రెట్ట ఏండ్ల తరబడి ఆ ఇసుకపై నల్లగా పేరుకొనును. మరల సునామీ, మరల ఇసుక, మరల రెట్ట. గబ్బిలములు చరిత్ర వ్రాసినవనిన నవ్వు రావచ్చును. కాని ఏ రాజు చెక్కించిన శాసనమును ఇంత పాతది కాదు!

ఆ పొరలలోని బొగ్గు ముక్కలను, గుల్లలను రేడియో కార్బన్ పద్ధతిని పరీక్షించి, సింగపూరు శాస్త్రజ్ఞులతో కూడిన బృందము 2017లో ఫలితములు ప్రకటించినది. 7,400 ఏండ్ల క్రితము మొదలు 2,900 ఏండ్ల క్రితము వరకు కనీసము 11 సునామీలు ఆ తీరమును తాకినవి. సగటున 450 ఏండ్లకు ఒకటి. అయితే ఈ సగటును నమ్ముకొని నిద్రించుటకు వీలులేదు. ఒకమారు రెండువేల ఏండ్లకు పైగా నిశ్శబ్దము. మరియొకమారు ఒక్క శతాబ్దములోనే పలు సునామీలు. సముద్రగర్భమున ఒక భూఫలకము మరియొకదాని క్రిందికి చొచ్చుకొనిపోవుచు బిగిసియుండును. ఆ బిగువు ఎన్నడు తెగునో లెక్కకు అందదు.

2004 డిసెంబరు 26న తెగినది. అనేక దేశములలో రెండు లక్షలకు పైగా ప్రాణములు పోయినవి; మన కోస్తాలోను నూరుమందికి పైగా మరణించిరి. 1977 దివిసీమ ఉప్పెనను చూచినవారికి గాలివానతో వచ్చు కెరటము తెలియును. గాలి లేని ఉదయమున, నిర్మలాకాశము క్రింద వచ్చు కెరటమునకు మన వాడుకలో పేరే లేకుండెను.

సుమత్రా చెంతనే ఉన్న సిములు ద్వీపవాసులకు పేరున్నది. 1907లో అట్టి కెరటము వారి పూర్వులను పొట్టనబెట్టుకొనగా, దానిని ‘స్మాంగ్’ అని పిలిచి, భూమి గట్టిగా కంపించి సముద్రము వెనుకకు పోయినచో కొండ ఎక్కవలెనని తాతలు మనుమలకు కథగా చెప్పుచు వచ్చిరి. 2004లో వారు ఆ మాట తలచుకొని కొండలకు పరుగెత్తిరి. భూకంప కేంద్రమునకు అతి సమీపమున ఉన్న ఆ ద్వీపములో, సుమారు 78,000 జనులలో మరణించినవారు ఏడుగురు.